అద్దె టౌన్‌హోమ్: గోడ మీద మరక, గేటు దగ్గర ఎర్ర లైటు

ప్రశ్న: అక్కా, నమస్తే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక టౌన్‌హోమ్ అద్దెకు తీసుకుని ఏడు నెలలైంది. నేను, మావారు, నాలుగేళ్ల పాప ఉంటాం. ఏప్రిల్‌లో అత్తయ్య విజిటర్ వీసా మీద వచ్చారు. ఓనరు మనవాళ్లే. గుడిలో పరిచయం, అన్నయ్యా అనే పిలుస్తాను. ఉద్యోగం మారి సియాటిల్ వెళ్లిపోతూ ఇల్లు మాకిచ్చారు. నెలకు 2,800 డాలర్లు, డిసెంబరు దాకా లీజు. మార్చి వానలకి పై బెడ్‌రూమ్ గోడ మీద మరక పడింది. అప్పుడు అరచెయ్యంత ఉండేది, ఇప్పుడు అన్నం పళ్లెమంత అయింది. ఒక మూల నల్లగా బూజు కూడా పట్టింది. హెచ్‌ఓఏ (కమ్యూనిటీలో ఇళ్ల ఓనర్ల సంఘం) ఆఫీసుకి ఫోన్ చేస్తే "మీరు ఓనరు కాదు, పైగా లోపలి గోడ మా పరిధి కాదు" అంటారు. అన్నయ్యకి చెబితే "రూఫ్ హెచ్‌ఓఏదమ్మా, వాళ్లనే అడుగు" అంటారు. మూడు నెలలుగా ఇదే తిరుగుడు. ఇది చాలదని ఫైన్లు: చెత్త డబ్బా లోపల పెట్టలేదని, గుమ్మం ముందు చెప్పుల స్టాండు ఉందని, అత్తయ్య పెట్టుకున్న కరివేపాకు కుండీ ఉందని. అన్నయ్య వాట్సాప్‌లో ఫొటో పెట్టి, 150 డాలర్లు రెంటుతో కలిపి వెయ్యమన్నారు. మొన్న మా తమ్ముడు గెస్ట్ పార్కింగ్‌లో కారు పెడితే తెల్లారేసరికి టో చేసి పట్టుకుపోయారు. జూన్ నుంచి స్విమ్మింగ్ పూల్ గేటు దగ్గర మా ఫాబ్ (గేటు తెరిచే ఎలక్ట్రానిక్ తాళంచెవి) పెడితే ఎర్ర లైటే వస్తోంది. "ఈ నెల రెంటు ఆపేద్దాం, అప్పుడు దారికొస్తారు" అంటున్నారు మావారు. నాకేమో అన్నయ్యతో మాట పోగొట్టుకోవాలని లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారి సంగతి. రెంటు ఆపొద్దని ఈ రాత్రే చెప్పండి. మిగతాదంతా రేపు మాట్లాడుకోవచ్చు.

ఆయన కోపంలో తప్పు లేదు. మన ఊళ్లో అయితే అద్దె ఆపడం ఒక భాష. ఓనరు ఇంటి మీదికొస్తాడు, నాలుగు మాటలు పడతాయి, చివరికి ప్లంబరు వస్తాడు. టెక్సస్‌లో ఆ భాష మీ మీదికే తిరుగుతుంది. ఇక్కడ అద్దెదారుకి రిపేరు హక్కు ఇచ్చేది రాష్ట్ర ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయం. అందులో మొదటి షరతే, నోటీసు ఇచ్చే రోజుకి మీరు రెంటు బాకీ ఉండకూడదని. బాకీ పడ్డారంటే ఓనరుకి రిపేరు బాధ్యతే లేకుండా పోతుంది. చేతిలో ఉన్న ఒక్క తాళంచెవినీ మనమే బావిలో వేసుకున్నట్టు. అంతటితో అయిపోదు. "ఇలా ఆపడం చట్టవిరుద్ధం" అని ఓనరు రాతలో చెప్పాక కూడా ఆపితే, ఒక నెల రెంటు మీద ఇంకో 500 డాలర్లు జరిమానా అడిగే హక్కు ఆయనకుంది. పైగా ఎవిక్షన్ కేసు, అంటే ఇల్లు ఖాళీ చేయించే కేసు, ఒక్కసారి ఫైలైతే, గెలిచినా ఓడినా, రేపు ఇంకో ఇంటికి అప్లికేషన్ పెట్టినప్పుడు అది ముందు నడుస్తుంది. ఒకటో తారీఖున ఎప్పటిలాగే రెంటు వెయ్యండి, రసీదు దాచుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. మూడు నెలలుగా మీరు తడుతున్నది మీది కాని తలుపు. హెచ్‌ఓఏ అంటే ఓనర్ల సంఘం. అన్నయ్య దానిలో సభ్యుడు, ఆయనే డ్యూస్ (సంఘం చందా) కడతారు, ఓటు కూడా ఆయనదే. మీకూ హెచ్‌ఓఏకీ మధ్య చుట్టరికం లేదు. ఫోనెత్తే అమ్మాయి మేనేజ్‌మెంట్ కంపెనీ మనిషి. ఒకేసారి పది కమ్యూనిటీలు చూస్తూ ఉంటుంది. మీ ఇంటి నంబరు కొట్టగానే స్క్రీన్ మీద ఓనరు పేరొస్తుంది, గొంతు మీది వస్తుంది. అక్కడితో ఆమె చెవులు మూసుకుపోతాయి. ఆమె మొరటుతనం అనుకోకండి, చెప్పే అధికారం ఆమెకు లేదు. నేను మా కమ్యూనిటీ బోర్డులో రెండేళ్లు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను: అద్దెవాళ్లు ఫోన్ చేసి చెప్పిన విషయాలు మా మీటింగ్ దాకా వచ్చినట్టు నాకు ఒక్కటీ గుర్తులేదు. ఓనరు ఈమెయిల్ ఒక్కటి వస్తే మాత్రం అజెండాలో లైను పడేది.

మీ చేతిలో ఉన్న కాగితం ఒకటే, లీజు. దాని అవతలి చివర ఉన్నది అన్నయ్య. రూఫ్ హెచ్‌ఓఏదైనా, పక్కింటి వాళ్లదైనా, దేవుడిదైనా, ఆ ఇంట్లో మనుషులు ఆరోగ్యంగా ఉండేలా చూడాల్సిన పూచీ మీకు సంబంధించినంతవరకు ఆయనదే. ఆయన హెచ్‌ఓఏతో ఎలా తేల్చుకుంటారన్నది ఆయన బాధ. "నువ్వే అడుగమ్మా" అని ఆయన అన్నది మంచితనంతోనే అయ్యుండొచ్చు. కానీ తన పని మీ నెత్తిన పెట్టారు.

అయితే ఆయనకి ఎన్నిసార్లు ఫోన్‌లో చెప్పినా చట్టం లెక్కలో అదొక్కటే చాలదు. రాసి పంపాలి. వాట్సాప్ మెసేజీల మీద ఆధారపడకండి. పోస్టాఫీసుకెళ్లి సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీట్‌తో (ఉత్తరం అందినట్టు మీకు తిరిగొచ్చే రసీదు) పంపండి. అలా ట్రాక్ అయ్యే పద్ధతిలో పంపితే ఒక్క నోటీసు చాలు, మామూలుగా ఇస్తే కొన్నాళ్లాగి రెండోసారి కూడా ఇవ్వాల్సి వస్తుంది. ఆ కాస్త పోస్టేజీ దగ్గర పొదుపు చెయ్యకండి. ఉత్తరం అందిన రోజు నుంచి ఏడు రోజులు సమంజసమైన గడువని చట్టం అనుకుంటుంది. రూఫ్ పని కాబట్టి ఇంకొంచెం పట్టిందని ఆయన వాదించొచ్చు, ఫరవాలేదు. అసలు గడియారం తిరగడం మొదలవ్వాలి. మీ ఇంట్లో మార్చి నుంచి అది ఆగే ఉంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇంగ్లీషులో, కోపం లేకుండా. ఏ గదిలో, ఏ గోడ, ఎప్పుడు మొదలైంది, ఇప్పుడు ఎంత ఉంది, బూజు పట్టింది, ఆ గదిలో నాలుగేళ్ల పిల్ల పడుకుంటోంది (నిజంగా పడుకుంటుంటేనే రాయండి), రెంటు బాకీ లేదు, దయచేసి బాగుచేయించండి. చివర తారీఖు, సంతకం. రెంటు ఎవరికి, ఏ చిరునామాకి కడుతున్నారో అక్కడికే పోవాలి. ఆన్‌లైన్‌లో వేస్తున్నారు కాబట్టి లీజులో నోటీసుల కోసం రాసిన చిరునామా చూడండి. అన్నయ్య పాత ఫ్రిస్కో చిరునామానే, అంటే మీరుంటున్న ఇల్లే, అందులో ఉంటే నవ్వుకోకండి, ఇలాంటివి చూశాను. సియాటిల్ చిరునామా ఈమెయిల్‌లో అడిగి తీసుకోండి. టెక్సస్ లా హెల్ప్ అనే వెబ్‌సైట్‌లో ఇలాంటి రిపేరు ఉత్తరం నమూనా ఉచితంగా దొరుకుతుంది.

ఉత్తరం కన్నా ముందు ఇంకో పని. ఒక పెన్సిల్ తీసుకోండి. మరక అంచు వెంబడి సన్నగా గీత గీసి, పక్కన ఆ రోజు తారీఖు వెయ్యండి. పక్కనే కొలత టేపు పట్టుకుని ఫొటో తియ్యండి. వాన పడిన మర్నాడు మళ్లీ చూడండి. మరక గీత దాటితే ఇంకో గీత, ఇంకో తారీఖు, ఇంకో ఫొటో. నరికిన చెట్టు మొదట్లో వలయాల్లాగా తయారవుతుంది మీ గోడ. "పాత మరకే అయ్యుంటుంది" అనే మాట దాని ముందు నిలబడదు. వాన లేని రోజుల్లో కూడా పెరుగుతుంటే అది రూఫ్ కాకపోవచ్చు. ఏసీ యూనిట్ నుంచి నీళ్లు పోయే గొట్టం పూడుకుపోయిందేమో, పక్కింటి బాత్‌రూమ్ మీ గోడకి అవతల ఉందేమో చూడాలి. టౌన్‌హోమ్‌లో గోడ ఇద్దరిది, తడికి హద్దులు తెలీవు. అత్తయ్యగారు బ్లీచింగ్ నీళ్లు పెట్టి తుడిచేస్తానంటే ఫొటోలు అయ్యేదాకా ఆపండి. పాప మంచం మాత్రం ఇవాళే ఆ గోడ నుంచి జరపండి. వేరే గది ఉంటే అక్కడ పడుకోబెట్టడం ఇంకా మంచిది.

"రూఫ్ ఎవరిది" అన్న ప్రశ్నకి జవాబు ఎవరి నోటి మాటలోనూ ఉండదు, డిక్లరేషన్ అనే పత్రంలో ఉంటుంది. కమ్యూనిటీ పుట్టినప్పుడు బిల్డరు కౌంటీ క్లర్కు ఆఫీసులో రిజిస్టరు చేసిన రాజ్యాంగం అనుకోండి. కొన్ని చోట్ల రూఫ్, బయటి గోడలు హెచ్‌ఓఏ చూస్తుంది. కొన్ని చోట్ల గడ్డి తప్ప మిగతాదంతా ఓనరుదే. రెండూ పక్కపక్క వీధుల్లో ఉంటాయి, చూపుకి ఒక్కలాగే ఉంటాయి. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది కాబట్టి ముందు మీది ఏదో చూసుకోండి. ఇవి పబ్లిక్ రికార్డులు, అద్దెవాళ్లయినా చూడొచ్చు. టెక్సస్ హెచ్‌ఓఏల వివరాలు రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ దగ్గర ఫైల్ చేయాలని 2021లో చట్టం మార్చారు. హెచ్‌ఓఏ డాట్ టెక్సస్ డాట్ గవ్ సైట్‌లో మీ కమ్యూనిటీ పేరు కొట్టి చూడండి. డిక్లరేషన్ పత్రంలో "మెయింటెనెన్స్" అన్న భాగం ఒక్కటి చదివితే, మూడు నెలల ఫోన్లు తేల్చనిది పావుగంటలో తేలుతుంది. మొదటి పేజీలో "కండోమినియం" అన్న మాట ఉంటే మాత్రం గుర్తుపెట్టుకోండి. చూడ్డానికి టౌన్‌హోమే అయినా కాగితాల్లో కండో అయితే హెచ్‌ఓఏకి వర్తించే చట్టం మారుతుంది. అన్నయ్యతో మీ లీజు సంగతి మారదు.

ఇక మీరు నిజంగా భయపడుతున్న చోటికి వద్దాం. చట్టం కన్నా "అన్నయ్యా" అన్న పిలుపే మిమ్మల్ని ఎక్కువ కట్టేస్తోంది. గుడి మెట్ల మీద పరిచయమైన మనిషికి సర్టిఫైడ్ మెయిల్ ఎలా పంపడం, కోర్టు నోటీసులా ఉండదూ, వదిన ఏమనుకుంటుంది. నాకు తెలుసమ్మా. పద్దెనిమిదేళ్ల కిందట నేనూ ఇలాగే మనవాళ్ల ఇంట్లో అద్దెకున్నాను. డిష్‌వాషర్ కింద నీళ్లు కారుతున్నాయని నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ భోజనాల దగ్గరే. ఆయన "చూద్దాంలే" అన్నారు, నేను "సరే అన్నయ్యా" అన్నాను, గోంగూర పచ్చడి వేసుకున్నాం. ఖాళీ చేసినప్పుడు వంటింటి ఫ్లోరింగ్ ఉబ్బిపోయిందని డిపాజిట్‌లో 900 డాలర్లు కోశారు. నేను చెప్పానన్నాను, ఆయన గుర్తులేదన్నారు. అబద్ధం చెప్పారని ఇప్పటికీ అనుకోను. ఆయనకి నిజంగా గుర్తులేదు. నా దగ్గర కాగితం లేదు. డబ్బూ పోయింది, రాకపోకలూ పోయాయి. రాతలో పెడితే చుట్టరికం చెడుతుందని నేను రాయలేదు, రాయకపోవడం వల్లే చెడింది.

కాబట్టి ఉత్తరం పోస్టు చేసే ముందు ఫోన్ చెయ్యండి. దాదాపు ఇలా అనొచ్చు: "అన్నయ్యా, గోడ సంగతి హెచ్‌ఓఏ వాళ్లు నా మాట వినట్లేదు, ఓనరే అడగాలంటున్నారు. నేను మీకు సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక ఉత్తరం పంపుతున్నాను, ఫొటోలతో సహా. మీ మీద కంప్లయింట్ అనుకోకండి. దాన్ని జతచేసి మీరు బోర్డుకి రాస్తే వాళ్లు కదులుతారు." ఇది తియ్యటి మాట కోసం చెబుతున్నది కాదు, నిజం కూడా అదే. రెండు వేల మైళ్ల దూరాన కూర్చున్న ఓనరు "మా ఇంట్లో లీకట" అని రాస్తే మేనేజ్‌మెంట్ కంపెనీ ఒక టికెట్ నంబరిచ్చి పడుకుంటుంది. తారీఖులతో, కొలతలతో, బూజు ఫొటోలతో అద్దెదారు ఇచ్చిన లీగల్ నోటీసుని జతచేసి "ఏడు రోజుల్లో బాగుచేయకపోతే నాకు చట్టపరమైన సమస్య వస్తుంది, రూఫ్ మీ బాధ్యత" అని రాస్తే లాయరుకి చూపించుకుంటుంది. మీరు పంపేది ఆయన చేతికి కర్ర అందించడం. ఆయన దగ్గర ఇప్పటిదాకా లేనిది అదే.

అది కూడా అర్థం కాక నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. బూజు మీ పాప గదిలో ఉంది, ఆయన గదిలో కాదు.

అప్పటికీ కదలకపోతే? ముందు ఫ్రిస్కో సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (ఊళ్లో ఇళ్ల నియమాలు అమలు చేసే విభాగం) వాళ్లకి ఫోన్ చేసి ఇన్‌స్పెక్టర్‌ని రమ్మనండి, ఆయన రాసిచ్చే కాగితానికి బరువుంటుంది. ఆ తర్వాత జస్టిస్ కోర్టు, చిన్న మొత్తాల తగాదాలు చూసే స్థానిక కోర్టు. లాయరు లేకుండానే వెళ్లొచ్చు. రిపేరు చెయ్యమని ఓనరుకి ఆదేశమివ్వమని అడగొచ్చు, రెంటు తగ్గించమని, నష్టపరిహారం ఇప్పించమని అడగొచ్చు, మొత్తం 20,000 డాలర్ల దాకా. ఒక నెల రెంటు, దాని మీద 500 డాలర్ల జరిమానా ఇక్కడ మీ వైపు నుంచి అడగడానికీ ఉంది. మీవారు రెంటు ఆపి ఉంటే అవతలివాళ్లు అడిగేదీ అంతే మొత్తం. ఎవరు ముందు నియమం తప్పారన్నదే తేడా. నోటీసిచ్చినా బాగుచెయ్యకపోతే లీజు రద్దు చేసుకుని వెళ్లిపోయే దారి కూడా చట్టంలోనే ఉంది. "మనమే రిపేరు చేయించి రెంటులో కోసుకుందాం" అనే దారీ ఉంది కానీ దానికి ఉన్న షరతులు చదివితే కళ్లు తిరుగుతాయి. పైగా హెచ్‌ఓఏ రూఫ్ మీద మీ మనిషి ఎక్కితే అది ఇంకో గొడవ. వద్దు. మీరు చిత్తశుద్ధితో రిపేరు అడిగినందుకు కక్షగట్టి రెంటు పెంచడం, ఖాళీ చెయ్యమనడం లాంటివి ఆరు నెలల పాటు చెయ్యకూడదని కూడా ఉంది. డిసెంబరులో లీజు గడువు తీరాక మళ్లీ మీకే ఇవ్వాలని బలవంతపెట్టే చట్టం మాత్రం లేదు. నవంబరుకల్లా ఇంకో రెండిళ్లు చూసి పెట్టుకోవడంలో నష్టం లేదు. నేను లాయర్ని కాను. కోర్టు దాకా వచ్చిందంటే ఒక గంట ఫీజు ఇచ్చి లాయరుతో మాట్లాడి వెళ్లండి.

ఫైన్ల విషయంలో మీకు జరిగిన అన్యాయం 150 డాలర్లు కాదు, ఆలస్యం. బోర్డులో ఉన్నప్పుడు చూశాను ఆ తతంగం. నెలకి రెండుసార్లు ఒకావిడ కారులో నడకంత స్పీడులో తిరుగుతూ కిటికీలోంచి టాబ్లెట్‌తో ఫొటోలు తీస్తుంది. ఉత్తరం ఓనరు చిరునామాకి పోతుంది. సరిదిద్దుకోగలిగిన తప్పయితే ఫైను వేసే ముందు నోటీసిచ్చి, సరిదిద్దుకోవడానికి గడువివ్వాలని ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం చెబుతుంది. అలాంటి తప్పుకే గత ఆరు నెలల్లో ఒకసారి నోటీసిచ్చి ఉంటే మళ్లీ గడువివ్వక్కర్లేదు. విచారణ కోరడానికి ఓనరుకి 30 రోజులుంటాయి. చెప్పుల స్టాండు లోపల పెట్టడానికి మీకెంత సేపు పడుతుంది, అర నిమిషం. ఆ ఉత్తరం సియాటిల్‌లో ఒక డ్రాయరులో మూడు వారాలు పడుకుని, గడువు దాటి ఫైను పడ్డాక మీ వాట్సాప్‌కి వచ్చి ఉంటుంది. కాబట్టి డబ్బు వేసే ముందు అడగండి: అసలు నోటీసుల కాపీలు పంపండి, ఫొటో తీసిన తారీఖు ఏది, మీకు ఉత్తరం ఎప్పుడొచ్చింది, నాకు ఎప్పుడు చెప్పారు. ఒక తారీఖు మీరు చేరకముందుదని తేలినా ఆశ్చర్యపోను. హెచ్‌ఓఏ ఫైన్లు అద్దెదారు కట్టాలని లీజులో ఉందా లేదా కూడా చూడండి. ఉంటే, సకాలంలో మీకు తెలిసినవి కట్టండి, చెత్త డబ్బా నిజంగా బయట వదిలేస్తే దానికి వాదన ఎందుకు. మిగతావి మర్యాదగా కాదనండి. రెంటుతో మాత్రం కలపకండి. రెంటు వేరు, ఇది వేరు, రెండు వేరువేరు ట్రాన్స్‌ఫర్లు. ఇకముందు నోటీసులు నేరుగా మీ ఈమెయిల్‌కి వచ్చేలా, హెచ్‌ఓఏ వెబ్ పోర్టల్‌లో టెనెంట్ (అద్దెదారు) కాంటాక్టుగా మీ పేరు చేర్చమని అన్నయ్యని అడగండి. చాలా చోట్ల రెండు నిమిషాల పని. కమ్యూనిటీ రూల్స్ పుస్తకం ఒక కాపీ కూడా. అద్దెకిచ్చేటప్పుడే ఇవ్వాల్సింది అది.

మీ తమ్ముడి కారు సంగతిలో తొందరపడాలి. టో చేసిన రోజు నుంచి 14 రోజుల్లోగా (శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు) జస్టిస్ కోర్టులో టో హియరింగ్ అడగొచ్చు. టో చేయడానికి తగిన కారణం ఉందా లేదా అన్నదే అక్కడ చూస్తారు. పార్కింగ్ బోర్డుల ఫొటోలు తీసి పెట్టుకోండి: ఎక్కడున్నాయి, ఎంత ఎత్తులో, రాత్రిపూట కనిపిస్తాయా. కానీ గెస్ట్ పార్కింగ్‌కి పర్మిట్ కావాలని రూల్స్ పుస్తకంలో ఉండి, బోర్డు కూడా ఉంటే డబ్బు మర్చిపోండి. మీ గరాజ్‌లో అట్టపెట్టెలు తీసేసి రెండో కారుకి చోటు చేసుకోవడం దానికన్నా చవక. మనవాళ్ల గరాజుల్లో కారు తప్ప అన్నీ ఉంటాయి, మాదీ అంతే.

పూల్ గేటు దగ్గర ఎర్ర లైటు మీరు చివర్లో ఒక మాటగా రాశారు. నాకైతే మీ ఉత్తరం మొత్తంలో ఉలిక్కిపడింది అక్కడే. ఫాబ్ పాడైపోయి ఉండొచ్చు, టెనెంట్ రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి కొత్తగా చెయ్యాలేమో. కానీ ఓనరు డ్యూస్ బాకీ పడితే చాలా హెచ్‌ఓఏలు మొదట ఆపేది పూల్, జిమ్. "ఓనరు అకౌంట్ గురించి మీతో మాట్లాడలేం" అని ఆఫీసులో ఎవరైనా అన్నారా? అన్నట్టయితే అనుమానం ఇంకాస్త బలం. డ్యూస్ ఎక్కువ కాలం కట్టకపోతే టెక్సస్‌లో హెచ్‌ఓఏ కోర్టు ద్వారా ఇంటిని వేలానికి పెట్టగలదు. అది నెలల తరబడి నడిచే వ్యవహారం, మీరు రేపు రోడ్డున పడరు. అయినా తెలుసుకోవాలి. కొత్త ఉద్యోగం, రెండు చోట్ల ఖర్చు, అన్నయ్య నిజంగానే ఇబ్బందిలో ఉండొచ్చు. ఫోన్‌లో గోడ సంగతి అయ్యాక మామూలుగా అడగండి: "పూల్ ఫాబ్ జూన్ నుంచి పనిచెయ్యట్లేదు అన్నయ్యా, ఒకసారి మీ అకౌంట్ చూస్తారా." ఆ తర్వాత ఆయన ఎంత సేపు మాట్లాడకుండా ఉంటారో వినండి. ఇంటి మీద ప్రాపర్టీ టాక్స్ కట్టారా లేదా కౌంటీ టాక్స్ ఆఫీసు సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అది కూడా కట్టి లేకపోతే, డిసెంబరు తర్వాత ఆ ఇంట్లో ఉండాలనే ఆలోచన మానుకోండి.

డిపాజిట్ గురించి మీరు అడగలేదు కానీ ఒక్క మాట. ఖాళీ చేసే రోజు మీ కొత్త చిరునామా రాతలో ఇచ్చి వెళ్లండి. ఇల్లు అప్పజెప్పాక 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కివ్వాలి, కోస్తే దేనికెంతో లెక్క రాయాలి. చిరునామా రాతలో ఇచ్చేదాకా ఆ బాధ్యత మొదలవదు. దురుద్దేశంతో పట్టుకుంటే, అన్యాయంగా ఆపిన దానికి మూడు రెట్లు, పైన 100 డాలర్లు, లాయరు ఖర్చులు. వాడకం వల్ల వచ్చే మామూలు అరుగుదలకి కొయ్యకూడదు. పెన్సిల్ గీతలున్న ఆ గోడ ఫొటోలు అప్పుడు మళ్లీ పనికొస్తాయి, మరక మీ వల్ల కాదని చెప్పడానికి.

అత్తయ్యగారి విషయం. ఇల్లు మారగానే గుమ్మానికి తోరణం కట్టి, కరివేపాకు కుండీ పెట్టుకోకపోతే ఆవిడకి అది ఇల్లులా అనిపించదు. హెచ్‌ఓఏ ఉత్తరం చూసి "మన గుమ్మం ముందు మన మొక్కకి వీళ్లెవరే" అని ఉంటారు. తోరణానికి భయపడక్కర్లేదు. నమ్మకంతో పెట్టుకునే మతపరమైన వస్తువుల్ని హెచ్‌ఓఏ నిషేధించకూడదని టెక్సస్ చట్టం ఉంది, అది ఓనరుకే కాదు ఆ ఇంట్లో ఉండేవాళ్లకీ వర్తిస్తుంది. మొదట 25 చదరపు అంగుళాలకి మించకూడదని పరిమితి ఉండేది, 2021లో అదీ ఎత్తేశారు. హెచ్‌ఓఏ సొంతమైన, హెచ్‌ఓఏ చూసుకునే చోట్లకి మాత్రం ఇది పనిచెయ్యదు, కాబట్టి మీ తలుపుకి కట్టండి, అందరూ నడిచే దారిలో ముగ్గు వెయ్యకండి. గుమ్మం లోపలి గడప దగ్గర వేసుకోమనండి, స్ప్రింక్లర్ నీళ్లకి కొట్టుకుపోకుండా రెండు రోజులైనా ఉంటుంది.

కరివేపాకుకి ఏ చట్టమూ లేదు. గరాజ్ పైన చిన్న బాల్కనీ ఉండే ఉంటుంది, లేకపోతే దక్షిణం వైపు కిటికీ. అక్కడికి మార్చండి. కుండీ కింద చక్రాల పళ్లెం ఒకటి కొనండి. నవంబరు చివర మొదటి చలిగాలి వార్త రాగానే ఎలాగూ లోపలికి లాక్కురావాలి, ఒక్క రాత్రి ఫ్రీజ్ పడితే చాలు, మొదలంటా నల్లబడిపోతుంది. అప్పటికి అత్తయ్య వెళ్లిపోయి ఉంటారు. నీళ్లు పోసే పని మీవారికి అప్పజెప్పండి.